బావగారి భుజం గాయం

మా బావగారు కల్నల్‌గా రిటైరై, పంతొమ్మిదివందల తొంభైల్లో బాపట్లలో కన్నుమూశారు. ఆయన కాగితాలన్నీ అక్కడి ఓ లైబ్రరీ అడిగింది. జాబితా రాసుకోవడానికి లైబ్రేరియన్ ఆ ఇంటికి వస్తున్నారని తెలియగానే, రేపల్లెలో ఆయన తల్లి, మా అత్తయ్య, చీర మార్చుకుంది.

"మావాడి ఉత్తరాలు చదువుతారంట. నేనూ వింటా, పద."

అప్పుడు గుర్తొచ్చింది నాకు. రాసిన ప్రతి ఉత్తరానికీ కార్బన్ నకలు దాచుకోవడం బావగారి అలవాటు.

అత్తయ్యకు చదువు రాదు. ఎనభైల్లో సరిహద్దు నుంచి ఉత్తరం వస్తే, సాయంత్రం ప్రార్థనకు ముందు నేనే చదివేదాన్ని. ఆయన రాసేది రెండే ముక్కలు: నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను. అంత ఎండు ఉత్తరం ఆ తల్లికెలా వినిపించను? మంచు కురిపించాను. గుడారంలోకి ఎలుగుబంటిని తోలాను. ఒకసారి ఊపులో అది ఆయన భుజం చీరేసిందన్నాను. గాయం మానిందని కబురొచ్చేదాకా శుక్రవారాలు ఉపవాసమని అత్తయ్య ప్రార్థనలోనే మాటిచ్చేసింది. జవాబు పాస్టరుగారితో రాయించింది. ఏడు వారాలకు వచ్చిన ఉత్తరంలో బావగారు ఆ గాయమేంటని నిలదీశారు. ఆ వాక్యం మింగేసి, గాయం మాన్పేశాను.

ఆ నకలు ఇప్పుడు బావగారి ట్రంకుపెట్టెలో ఉంది.

తెనాలిలో రైలు మారేటప్పుడు, "ఎండ మండిపోతోంది, వెనక్కెళ్దామా అత్తయ్యా?" అన్నాను.

"ఏంటే, నాకు లేని ఎండ నీకొచ్చిందా?"

బాపట్లలో లైబ్రేరియన్ ఒక్కో కాగితం తీసి చదువుతున్నారు. అన్నీ రెండు ముక్కలే. అత్తయ్య మొహం చిట్లించింది. నేను కాగితాల కోసం చెయ్యి చాచాను.

"సార్, నేను చదువుతానండి."

"నువ్వుండు. ఇన్నేళ్ళూ నువ్వేగా చదివింది!"

ఆయన తర్వాతి కాగితం తీశారు. "'అమ్మా, నా భుజానికి ఏ గాయమూ లేదు. ఎలుగుబంటిని జూలో తప్ప చూడలేదు. నీకెవరు చెప్పారు?'... ఈ ఎలుగుబంటి ఏంటండి, అమ్మగారూ?"

అత్తయ్య నావైపు తిరిగింది.

"ఏడు శుక్రవారాలు పస్తున్నానే!"

"అవునత్తయ్యా."

"అయితే వాడికి దెబ్బే తగల్లేదా?"

"లేదత్తయ్యా."

 అత్తయ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "దేవుడికి స్తోత్రం. దెబ్బ లేదని రాసుకోండి, సారూ." నాతో మాత్రం, "వచ్చే శుక్రవారం నుంచి నీకు అన్నం లేదు. ఏడు శుక్రవారాలు," అంది.

ఉపవాసమున్నాను. ఆరో శుక్రవారం వంటింటి తలుపు చాటున ఓ అరటిపండు తిన్నాను. ఆ సంగతి ఇప్పటిదాకా ఏ కాగితం మీదా లేదు.