నల్లా కింద చెయ్యి

సూరత్ దగ్గర జోల్వాలో, సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మా కుటుంబాల గదులన్నింటికీ ఒకటే నల్లా. నీళ్లు వచ్చేది పొద్దున కాసేపే.

ఎవరి చెయ్యి కాలినా పక్కగది పెద్దమ్మ టూత్‌పేస్టు పూయనిచ్చేది కాదు. బిందెలు జరిపి, ఆ చేతిని నల్లా ధార కింద పట్టుకుని, మంట చల్లారేదాకా మాటల్లో పెట్టేది.

"ఏం కూర వండినవ్ బిడ్డా? జర మొదటికెళ్లి చెప్పు."

నా చెయ్యి కాలినరోజు నాతో పప్పుచారులో ఉప్పెంత వేశానో కూడా చెప్పించింది. వెనక నీళ్లకోసం నిలబడ్డవాళ్లు గొణిగినా వినేది కాదు.

ఒకరోజు గంజి వారుస్తూ తన చెయ్యే కాల్చుకుంది. నీళ్లు ఆగిపోయే వేళ.

"నాకేం కాలే. మీరు నింపుకోన్రి," అంది.

రోజూ అందరికన్నా ఎక్కువ గొణిగే ఎదురుగది ఆమె, సగం నిండిన తన బిందెను పక్కకు తీసి, పెద్దమ్మ చేతిని ధార కింద పెట్టింది.

"ఏం కూర వండినవ్ పెద్దమ్మా?"