జంట ఫోటో

కళకూ సత్యానికీ ఉన్న సంబంధం ఏమిటని ఏడేళ్ళు చదివాను. ఎవడు చదవమన్నాడో! రోజంతా ఉప్పల్‌లో ఫోటో స్టూడియోలో పని. మధ్యాహ్నం జనం పలచబడ్డాక అదే కౌంటర్ మీద పుస్తకాలు. వారానికి రెండుసార్లు బస్సెక్కి యూనివర్సిటీకి. పీహెచ్‌డీ చేస్తున్నానంటే కస్టమర్లు "అంటే డాక్టర్ సాబా?" అని బీపీ గోలీల గురించి అడిగేవారు. లోపల నవ్వుకునేవాణ్ణి. ఈ ఏరియాలో నాకంటే తెలిసినవాడు లేడన్న పొగరు ఒకటి ఉండేది లెండి.

నా సిద్ధాంతం చాలా సులువు. ఫోటో నిజం, ఎందుకంటే కెమెరా ముందు ఒక మనిషి నిలబడ్డాడు. నిలబడని మనిషిని తెచ్చి నిలబెడితే అది అబద్ధం. ఇంతే. దీన్నే రెండు వందల పేజీలు సాగదీశాను.

స్టూడియోలో మాత్రం నా తిండి ఆ అబద్ధంలోంచే వచ్చేది. మా దగ్గర ఎక్కువ గిరాకీ జంట ఫోటోలకి. భర్త ఎప్పుడో పోయి ఉంటాడు, భార్య ఇప్పుడు పోతుంది. పదకొండో రోజుకి ఇద్దరినీ ఒక్క ఫ్రేములో కూర్చోబెట్టి దండ వెయ్యాలి. ఆయన ముప్పై దగ్గర ఆగిపోయాడు, ఆమెకు డెబ్బై. "అన్నా, మా నాయినను జర పెద్దగ జెయ్యే. అమ్మకు కొడుకు లెక్క కనవడుతుండు" అనేవారు. జుట్టు నెరిపించేవాణ్ణి, బుగ్గలు జార్చేవాణ్ణి. ఆ పని ముగించి, చేతులు కడుక్కుని, అది ఎందుకు అబద్ధమో పుస్తకంలో రాసుకునేవాణ్ణి.

మా అమ్మ నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ చేసేది. నాకు నాలుగేళ్ళప్పుడు నాన్న కామెర్లతో పోయాడు. అప్పటికి ఆయనకి ఇరవై తొమ్మిది. మాకు మిగిలింది ఒక్కటే ఫోటో, ఆయన ఫ్యాక్టరీ గేటు పాసు మీద అంటించినది. సగం సీలు ఎడమ బుగ్గ మీద పడి ఉంటుంది.

ఒక ఆదివారం అమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని స్టూడియోకి వచ్చింది. స్క్రీన్ మీద ఎవరిదో జంట ఫోటో సగం పూర్తయి ఉంది. స్టూలు మీద కూర్చుని చాలాసేపు దాన్నే చూసింది.

"గిట్లనే మీ నాయినను, నన్ను జెయ్యరాదుర" అంది. "గిప్పుడుంటె ఎట్లుంటుండెనో గట్ల. బతికుండంగనే సూసుకుంట."

"అది అబద్ధం అమ్మా" అన్నాను.

"మరి గీళ్ళకు జేస్తున్నవ్ గద?"

"గది పని."

"నాది గూడ పనే అనుకో."

ఇక మొదలుపెట్టాను. నాన్నకు అరవై ఏళ్ళు రానే లేదు, రాని వయసుకు ముఖం ఉండదు, లేని ముఖాన్ని తయారుచేస్తే అది నాన్న కాదు, ఎవడో. డబ్బాలో అన్నం చల్లారిపోయేదాకా చెప్పాను. అమ్మ అంతా విని, కొంగు సర్దుకుంది.

"ఎవడో ఎందుకైతడు? నాకు రోజు కనవడుతనే ఉంటడు. నెత్తి ముంగట ఊడింది. కండ్లద్దాలు వెట్టుకుంటడు. మీసం మాత్రం..."

"అమ్మా, జర తిననియ్యి" అన్నాను. నవ్వాను కూడా.

"తిను బిడ్డా" అంది. నేను తిన్నాక డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నేను అక్కడితో ఆగినా బాగుండేది. ఆ వారమే యూనివర్సిటీలో సెమినార్. ఈ ముచ్చటంతా అక్కడ చెప్పాను. మా అమ్మ అని చెప్పలేదు, 'ఒక అమాయక ప్రేక్షకురాలు' అన్నాను. హాలంతా నవ్వింది. మా గైడు భుజం తట్టి, దీన్ని థీసిస్‌లో పెట్టమన్నాడు. పెట్టాను, మూడో అధ్యాయంలో ఒక ఫుట్‌నోటుగా. నిలబడి నిలబడి కాళ్ళు వాచేలా పనిచేసి నన్ను చదివించిన మనిషిని పేజీ అడుగున చిన్న అక్షరాల్లో పడేశాను. థూ, నా బతుకు!

పట్టా వచ్చిన ఏడాదే అమ్మ పోయింది. రెండు రోజులు జ్వరం, మూడో రోజు దవాఖానాలో అయిపోయింది. మేనమామ ఏడుస్తూనే నా పక్కకు వచ్చి, "ఫోటో సంగతి నీకు జెప్పేదేముంది అల్లుడా. అక్కను, బావను ఒక్కతాన కూసోవెట్టు" అన్నాడు.

కూర్చోబెట్టాను. బుగ్గ మీద సీలు చెరపడానికే ఒక పూట పట్టింది. ముసలివాణ్ణి చెయ్యమని ఫోన్‌లో యాప్‌కి ఇస్తే, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ ఒక రిటైర్డ్ ఆఫీసరు వచ్చాడు. అమ్మకు నేను చెప్పిన ఆ 'ఎవడో' వీడే. తీసేశాను. నేనిప్పుడు నాన్నకంటే పద్నాలుగేళ్ళు పెద్దవాణ్ణి. చివరికి నా ఫోటోనే తీసి, నా కళ్ళకింది మడతలు, నా మెడ ఆయనకు అతికించాను. నెత్తి ముందు జుట్టు తగ్గించాను. కళ్ళద్దాలు పెట్టాను. గుండ్రటివా, నల్ల ఫ్రేమువా? తెలియదు. తోచినవి పెట్టాను.

మీసం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

మీసం మాత్రం ఏమిటి? నెరవలేదనా? తీసేశాడనా? ముప్పై తొమ్మిదేళ్ళు ఆయన్ని తన కళ్ళలో రోజుకింత ముసలివాణ్ణి చేసుకుంటూ వచ్చింది మా అమ్మ. ఎదురుగా కూర్చుని ఆ ముఖం నాకు చెప్పబోయింది. సత్యం చదువుకున్న కొడుకును కదా, నోరు మూయించాను. గేటు పాసులోని నల్ల మీసమే వదిలేశాను.

పదకొండో రోజు వచ్చినవాళ్ళంతా ఫోటో చూసి కళ్ళు తుడుచుకున్నారు. "అచ్చం మా బావనే" అన్నాడు మేనమామ. ఆయన చూసింది ఇరవై తొమ్మిదేళ్ళ బావను. ఆ తర్వాతి మనిషిని చూసింది అమ్మ ఒక్కతే. ఫోటోకి దండ వేశాను.

"మీసం ఇట్లనేనా అమ్మా?" అని పైకే అడిగేశాను.

మేనమామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "గట్లనే ఉండె అల్లుడా" అన్నాడు.