సుద్ద గుర్తు పెట్టిన మెట్టు

మనిషికి చెవినిచ్చి, దానికి వినిపించడానికి లోకమంతా శబ్దాన్ని పరిచి ఉంచిన దేవునికి స్తోత్రం. ముప్పై నాలుగేళ్లు ఆ చెవితోనే నాకు అన్నం పెట్టిన ఆయనకే మహిమ. ఆ తర్వాతే నా మాట.

ఉద్యోగంలో నా చివరి ఏడాది, ఆగస్టు మొదటి శనివారం. ఫిల్మ్ నగర్‌లోని మా రికార్డింగ్ స్టూడియో నన్ను జూబ్లీహిల్స్‌లోని ఒక చిన్న నాటకశాలకు పంపింది. నా హోదా సీనియర్ పియానో ట్యూనర్. పియానో శ్రుతిలో ఉందని నేను సంతకం పెట్టందే స్టూడియోలో రికార్డింగ్ మొదలుకాదు. సంగీత దర్శకుడైనా సరే, ఆ సంతకం కోసం ఆగవలసిందే. ఆ సంగతి నాకు కొంచెం ఎక్కువగానే గుర్తుండేది.

ఆ సాయంత్రం ఏడు గంటలకు వసుంధర గారి ప్రదర్శన. ఇరవై ఏళ్లకు పైగా సినిమాల నేపథ్య సంగీతానికి పియానో వాయించిన మనిషి ఆవిడ. అరవయ్యో ఏట తన జీవితకథను మాటల్లేకుండా వేదిక మీద వాయించి చెప్పాలనుకున్నారు. శ్రీనగర్ కాలనీలోని ఇంటి నుంచి సొంత పియానో తెప్పించుకున్నారు. దాని పక్కన మిగతా వాయిద్యాలు: ఖాళీ ఫిల్మ్ డబ్బాలు, ఒక ఇనుప ఇస్త్రీ పెట్టె, గుండీలు నింపిన స్టీలు పళ్లెం, కాలితో తొక్కే పాత కుట్టుమిషను. వాళ్లమ్మ సినిమా కాస్ట్యూముల దర్జీ. ఆ మిషను ఆవిడదే.

వేదిక పనులు చూసే యాదగిరి రహమత్ నగర్ మనిషి. ఇస్త్రీ పెట్టె మోసుకొచ్చి నా ముందు పెట్టి, “పాల్ సార్, గిదేం కచేరీ సార్? మా ఇంట్ల గూడ మిషనుంది, కుక్కరుంది. నన్ను గూడ స్టేజీ ఎక్కిస్తరా?” అన్నాడు.

పియానో తీగల మధ్య ఆవిడ ముందురోజే కొన్ని వస్తువులు బిగించారు: మరలు, రబ్బరు ముక్కలు, లైనింగు గుడ్డ పేలికలు. ఒక తీగ గంటలా, ఇంకొకటి తడిసిన డప్పులా పలుకుతాయి. ఏ తీగలను తాకకూడదో రాసి మూత మీద కాగితం అంటించారు. దాన్ని అక్షరం తప్పకుండా పాటించాను. మిగిలిన తీగలు నావి అనుకున్నాను. చోటు మారిన పియానోను ఎవరూ చెప్పకపోయినా శ్రుతి చేయడం మా వృత్తిలో ఆచారం.

“మేడమ్ వచ్చినంక జర అడిగి ముట్టుకోరాదుండ్రి సార్?” అన్నాడు యాదగిరి.

నేను నవ్వి, శ్రుతి చేసే పానా బయటికి తీశాను.

పియానోలో వేలితో నొక్కే మెట్లలో నడిమి వాటికి ఒక్కొక్క దానికి మూడేసి తీగలుంటాయి. మూడూ ఒకే స్థాయిలో ఉంటే ఒకే స్వరం వినిపిస్తుంది. ఒకటి కాస్త దిగితే స్వరం ఉబ్బుతూ, తగ్గుతూ ఊగుతుంది. ఆ ఊపును మేం అల అంటాం. అల లేకుండా చేయడమే మా పని. నడిమి భాగంలో ఒక మెట్టు దగ్గర పెద్ద అల ఉంది. ఆ మెట్టు మీద చిన్న నీలం మరక కూడా ఉంది. మరకను తడిగుడ్డతో తుడిచాను. తీగ చుట్టిన మేకును పానాతో తిప్పి స్వరాన్ని పైకి లాగాను. అల ఆగింది. చాలా శుభ్రమైన స్వరం వచ్చింది. సంతకం పెట్టాను.

ఐదు గంటలకు వసుంధర గారు వచ్చి ఒక్క మెట్టే నొక్కారు. మళ్లీ నొక్కారు. తలెత్తి, “ఇక్కడ సుద్ద గుర్తుండాలండీ. ఎవరు తుడిచారు?” అన్నారు.

నేనేనన్నాను.

“అది మా అమ్మ దర్జీ సుద్దండీ. తీగల మధ్య నేను బిగించినవే కాగితం మీద రాశాను. ఇదెలా రాయను? ఇది ముందునుంచీ ఇలాగే ఉంది కదా. ముప్పై ఏళ్లు ఎవర్నీ సరిచేయనివ్వలేదు.” కోప్పడితే బాగుండేదనిపించింది. ఆవిడ కుర్చీలో కూర్చుని చేతులు చూసుకున్నారు. “చిన్నప్పుడు మిషను కింద పడుకునేదాన్ని. పెద్దయ్యాక ఈ మెట్టులో అదే ఊపు వినపడింది. కథంతా దాని మీదే కట్టాను. అది లేకపోతే వాయించడానికి నాకేం లేదండీ. జనాన్ని పంపించేద్దాం.”

దిగిన తీగను పైకి లాగడం తేలిక. పోయిన అలను కొలత తెలియకుండా తిరిగి తేవడం ఏ శిక్షణలోనూ లేదు. ఎంత దించాలని అడిగితే ఆవిడకూ తెలియదు. మనసులో ప్రార్థన చేసుకున్నాను. తర్వాత, మీ అమ్మగారు తొక్కినట్టు ఒకసారి మిషను తొక్కండమ్మా అని అడిగాను.

“నాకు కుట్టడం రాదండీ.”

“కుట్టొద్దు. కాలు పెట్టండి చాలు.”

మొదట కాలు తడబడింది. ఆవిడ కళ్లు మూసుకున్నారు. కాసేపటికి కాలు దారి కనుక్కుంది. బరువైన పట్టుబట్ట మీద నడిచే నిదానపు నడక. నేను మూడో తీగను వెంట్రుకవాసి చొప్పున దించుతూ వచ్చాను. దించిన తీగ తనంతట తాను పైకి జారుతుంది. అందుకే అవసరమైన దానికంటే కిందికి దించి, మళ్లీ పైకి తెచ్చి, మెట్టును గట్టిగా కొట్టి నిలబెట్టాలి. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి సూది దిగినప్పుడల్లా అల లేచింది. రెండూ కలిసి నడిచాయి. ఆవిడ కళ్లు తెరవలేదు. యాదగిరి చేతిలో డబ్బాలతో అలాగే నిలబడిపోయాడు.

ప్రదర్శనను పక్క తెర వెనక నుంచి చూశాను. పళ్లెంలో గుండీలు కదిపితే రేకుల కప్పు మీద వాన వచ్చింది. ఫిల్మ్ డబ్బాలు ఎక్కడో దూరాన తలుపుల్లా మూసుకున్నాయి. నీలం వెలుతురులో వేదిక నీళ్ల అడుగున ఉన్న ఇల్లులా కనిపించింది. నాకు కాలం తెలియలేదు. చివరికి ఆవిడ మిషను పక్కకు జరిగి, కాలు తొక్కుతూ, చెయ్యి చాచి ఆ ఒక్క మెట్టే మళ్లీ మళ్లీ నొక్కారు. సూది, స్వరం కలిసి ఊగాయి. ఉన్నట్టుండి కాలు ఆగింది. మిషను ఆగింది. స్వరం మాత్రం అదే నడకతో ఊగుతూ, సన్నబడుతూ, చాలాసేపు ఉంది. అది పూర్తిగా పోయేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు.

దిగి వస్తూ ఆవిడ నాతో ఒక్క మాటే అన్నారు: “తీగ జారలేదండీ.”

మరునాడు ఆదివారం. మా చర్చి సంఘంలో గాన బృందాన్ని నడిపేది నేనే. ఎస్తేరమ్మ అనే పెద్దావిడ ప్రతి కీర్తనలోనూ శ్రుతికి కాస్త కిందే పాడుతుంది. ఆర్నెల్ల క్రితం ఆమెను మైకుకు దూరంగా చివరి వరుసలోకి పంపాను. అప్పటినుంచి ఆమె పాడటమే మానేసింది. ఆరాధనకు ముందు వెళ్లి, ముందు వరుసకు రమ్మన్నాను.

“నా గొంతేం మారలేదు పాలూ,” అంది.

“మారమనడానికి రాలేదమ్మా.”

“మళ్లీ పంపిస్తే మాత్రం ఊరుకోను. పాస్టరు గారికే చెప్తా.” చీర కొంగు సర్దుకుని వచ్చి నా పక్కనే నిలబడింది. గట్టిగానే పాడింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. ఎవరి పియానో అయినా, తుడిచేముందు అడగండి. తీగను సరిచేయడం చెవి పని. సరిచేయాలా వద్దా అన్నది ఆ శబ్దం ఎవరిదో వాళ్లను అడగాలి. ఇది తెలుసుకోవడానికి నాకు ముప్పై నాలుగేళ్లు పట్టింది.

ఇది చదివిన మీరు ఒక్క నిమిషం నాతో కలిసి తలవంచండి. ప్రభువా, మేం తొందరపడి తుడిచేసిన గుర్తులను క్షమించు. వాటిని తిరిగి వెతికేంత ఓపిక మా చేతులకివ్వు. ఆమెన్.