నంబరు తుడిచిన కార్డు

“దీని మీది నంబరు ఎవరు తుడిచిన్రు నాయినమ్మా?”

“నేనే తుడిచిన. అయితే ఏంది?”

“తుడిచే ముంగట నన్నొక్క మాట అడగరాదా?”

“పట్నంల ఏ మూలకు పడి ఉండెనో, ఎందరు చేతులు పెట్టిన్రో. అంత జిడ్డుతోని ఇంట్లకు ఎట్ల రానిస్త? నువ్వు కొత్తది తెస్తే నేనెందుకు తుడుస్త?”

“కొత్తది వద్దన్నది నువ్వే గదా.”

  నా కొడుకు బిడ్డ, నా మనవరాలు, కంప్యూటర్‌లో బిగించే ఆ పచ్చటి కార్డును అరచేతిలో పెట్టుకొని కిటికీ దగ్గరికి పోయి వెలుగుకు అటూ ఇటూ తిప్పి చూసింది. కార్డు నడుమ ఉన్న నల్లటి బిళ్ల మీద అక్షరాలు ఉండాల్సిన చోటు నున్నగా మెరుస్తోంది. కిరసనాయిలు గుడ్డ చేతికి తీసుకున్నానంటే నేను ఏ పనీ సగంలో వదలను.

మా ఇంట్లో అదొక పద్ధతి. పాత సామాను ఏది కొన్నా గడప లోపలికి రాకముందే వాకిట్లో శుభ్రం కావాలి. ఇత్తడిదైతే చింతపండు, ఇనుముదైతే కిరసనాయిలు. మా అత్త చేసింది, నేను చేశాను. కుట్టు మిషను, టేబుల్ ఫ్యాను, చివరికి మా ఇంటికి వచ్చిన రెండు కంప్యూటర్లలో పాతది కూడా అట్లానే తుడిపించుకొని లోపలికి వచ్చింది. దానికి ఏమీ కాలేదు. అందుకే కార్డుకు మాత్రం ఏమవుతుంది అనుకున్నాను.

అవి తొంభైల చివరి రోజులు. సిద్దిపేటలో మా ఇంటి ముందు గదిలో నా మనవరాలు కంప్యూటర్ సెంటర్ పెట్టుకుంది. దాని నాయిన ఒక్క ఏడాది గడువిచ్చాడు. ఏడాది తిరిగేసరికి ఒక గట్టి పని దొరకలేదంటే గదికి తాళం పడుతుందని ముందే చెప్పాడు. వాడు మాట అంటే మాటే. ఆ గుణం నా నుంచే వచ్చింది.

పదో నెలలో ఒక దఫ్తరు వాళ్లు పని ఇచ్చారు. మిరుదొడ్డి, నారాయణరావుపేట, ఆ చుట్టుపక్కల ఊళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల పేర్లన్నీ ఫారాలు చూసి కంప్యూటర్‌లో ఎక్కించి, లిస్టు కొట్టి ఇవ్వాలి. మూడు నెలల పని. ఇది బాగా చేస్తే ముందు ముందు అన్ని పనులూ మీకే అన్నారట. ఏడాది దాటినా లిస్టు అందేదాకా మా వాడు ఆగాడు. ఈ కార్డు గొడవ జరిగిన మరునాడు పొద్దున ఆ దఫ్తరు గుమస్తా వచ్చి లిస్టు తీసుకుపోవాలి. పేర్లన్నీ ఎక్కడం అయిపోయింది. కాగితం మీదికి రావడమే మిగిలింది.

చిక్కంతా అక్కడే. పేర్లన్నీ పాత కంప్యూటర్‌లో ఉన్నాయి, ప్రింటరు కొత్తదానికి ఉంది. పాతదాంట్లో ఫ్లాపీకీ ప్రింటరుకీ కలిపి ఒకటే కార్డు, అది ఎండాకాలంలో కాలిపోయి ఆ రెండూ పనిచేయడం మానేశాయి. మార్పిద్దామంటే పని నడుస్తోంది కదా అని నేనే ఆపాను. డిస్కు ఊడదీసి కొత్తదాంట్లో పెట్టడానికి పిల్లకు ధైర్యం చాలలేదు, మూడు నెలల కష్టం దాంట్లోనే ఉంది. ఇక మిగిలింది రెండింటినీ ఒక వైరుతో కలపడం. కొత్తదాంట్లో అందుకు కార్డు ఉంది, పాతదాంట్లో పెట్టడానికే ఈ కార్డు. పట్నంలో పాత సామాన్ల దుకాణం నుంచి తెప్పించింది నా మాట మీదే.

రెండింట్లోనూ కంప్యూటర్‌ను నడిపించే లినక్స్ అనే ప్రోగ్రాం ఉండేది. కంప్యూటర్ పత్రికతో పాటు దాని సీడీ ఊరికే వచ్చిందంటే, మరి అదే పెట్టుకో అన్నాను. పిల్ల చెప్పగా నాకు అర్థమైనంత రాస్తున్నాను. లినక్స్ నడుమ కెర్నల్ అని ఒకటి ఉంటుంది, ఇంటి పెద్ద లాంటిది. డిస్కు, కీబోర్డు, కార్డులు, వీటితో అది తానుగా మాట్లాడలేదు. ఒక్కో వస్తువు భాష తెలిసిన చిన్న ప్రోగ్రాం ఒక్కోటి ఉంటుంది, దాన్నే డ్రైవర్ అంటారు. ఏ వస్తువును ఏ డ్రైవర్ నడుపుతుందో తేలితేనే ఆ వస్తువు పలుకుతుంది. తేలకపోతే అది పెట్టెలో రేకుముక్క.

పిల్ల కార్డును పాత కంప్యూటర్‌లోని పొడుగాటి నల్ల గాడిలో బిగించి మిషను ఆన్ చేసింది. స్టెబిలైజర్ గుయ్‌మంది. నన్ను పక్కన కూర్చోబెట్టి పాత క్యాలెండర్ కాగితం వెనక గీత గీయమంది. ఒకవైపు వస్తువు, రెండో వైపు దాని డ్రైవర్. చదువు మూడో తరగతితోనే ఆగినా నా రాత గుండ్రంగానే ఉంటుంది. మిషను లేచేటప్పుడు కెర్నల్ చెప్పిన మాటలన్నీ పిల్ల తెర మీదికి వెనక్కి తెప్పించి చదివింది. తర్వాత లోపలికి వచ్చి కూర్చున్న డ్రైవర్ల పేర్లు అడిగింది. వస్తువులు కెర్నల్‌ను పిలిచే నంబరు దారులు కొన్ని ఉంటాయట, ఏ డ్రైవర్ ఏ దారి పట్టుకుందో ఇంకో చోట చూసింది. అది చెబుతుంటే నేను రాశాను. డిస్కుకు ఎదురుగా పేరు పడింది. కీబోర్డుకు, పాటల కార్డుకు పడింది. ఒక్క ఈ కార్డుకు ఎదురుగా ఖాళీ.

కొత్త రకం కార్డులైతే అడగగానే తమ పేరు తామే చెబుతాయట. ఇది పాత రకం. దాని బిళ్ల మీది నంబరు చూసి మనమే తెలుసుకోవాలి. ఆ నంబరు నా గుడ్డకు అంటుకొని, ఆ గుడ్డ ఎప్పుడో చెత్తలో కలిసిపోయింది. పిల్ల ఎస్టీడీ బూత్‌కు పోయి పట్నంలో దుకాణం వాణ్ణి అడిగితే, ఏదో ఆఫీసులో తీసేసిన సామాను, తనకేమీ తెలియదని ఫోను పెట్టేశాడు.

తిరిగొచ్చేసరికి నాలుగు దాటింది. పిల్ల ముఖం చూసి నేనే నోరు తెరిచాను. తెరవకుండా ఉండాల్సింది.

“మన మీటరు బోర్డు యాది ఉన్నదా? అయిదు అర్రలు, గదికొక ఫ్యూజు. ఏది ఎవరిదో నాకు ఎవరన్న చెప్పిన్రా? ఒక్కొక్కటి పీకిన. ఎవరి అర్రల నుంచి లొల్లి వస్తే వాళ్లదని రాసుకున్న. గట్లనే ఒక్కొక్క డ్రైవర్‌ను పెట్టి చూడు, ఏదన్న పలుకుతది.”

“ఫ్యూజు వేరు నాయినమ్మా. గీ పాత కార్డులను అడుగుడే భయం. డ్రైవర్ పోయి తలుపు కొడతది. ఆ తలుపు డిస్కుదో ఇంకొకదానిదో అయితే మిషనంత బిగుసుకపోతది. పుస్తకంల రాసి ఉంది.”

“రాసేటోడు రాస్తడు. రేపు పొద్దుగాల గుమస్తాకు నువ్వేం చెప్తవ్?”

 పిల్ల కుర్చీ ముందుకు లాక్కుంది.

మొదటి డ్రైవర్‌ను పెట్టింది. అటువంటి కార్డు లేదు అని ఒక వరుస వచ్చింది. మిషను బాగానే ఉంది. నేను కాగితం మీద పేరు రాసి కొట్టేశాను. రెండోదీ అంతే. నాకు ధైర్యం పెరిగింది. పిల్లకు పెరగలేదు. ప్రతిసారీ ఎంటర్ నొక్కే ముందు దాని వేలు ఆ మీట మీద ఆగుతోంది. బయట ఎండ పడమటి గోడ దాటింది. గదిలో ఫ్యాను తిరుగుతున్నా గాలి ఆడుతున్నట్టు లేదు.

మూడోదానికి ముందు నేను ఇంకో మాట అన్నాను. కార్డు పలకంగనే పంపాల్నంటే ఊరికొక ఫైలు ఏం పంపుతవ్, అన్నీ కలిపి ఒక్కటి చేసి పెట్టుకో అన్నాను. పిల్ల ఊళ్ల ఫైళ్లన్నీ ఒక్కటిగా కలిపింది. డిస్కులో ఇక జాగ మిగల్లేదని నసుగుతుంటే, కలిపినంక పాతయి ఎందుకు, తీసెయ్ అన్నాను. తీసేసింది. ఆ వెంటనే మూడో డ్రైవర్ పేరు కొట్టి ఎంటర్ నొక్కింది.

తెర మీద ఏ వరుసా రాలేదు. మినుకుమినుకుమనే గీత ఆగిపోయింది. మిషను ముందు ఎర్ర దీపం వెలిగింది వెలిగినట్టే ఉండిపోయింది. పిల్ల ఒక మీట నొక్కింది, ఇంకోటి నొక్కింది, అన్నీ నొక్కింది. డిస్కు చప్పుడు కూడా లేదు. 

“ఆపి మళ్ల పెట్టు” అన్నాను.

“ఆపితే ఏమైతదో నాకు తెల్వది” అంది. ఆ గొంతు నేను ఇంతకుముందు వినలేదు.

వేరే దారి లేక ఆపి మళ్లీ పెట్టింది. ఈసారి మిషను మామూలుగా లేవలేదు. డిస్కు దెబ్బతిన్నదని చెప్పి ఒకటి వెనక ఒకటి ప్రశ్నలు అడగసాగింది. బాగు చేయమంటావా అని ప్రతిదానికీ అడుగుతుంది, పిల్ల అవునని నొక్కుతుంది. ఎన్నిసార్లు నొక్కిందో. దీపాలు పెట్టే వేళకు ప్రశ్నలు ఆగాయి. కలిపిన ఫైలు పేరు కనబడింది. తెరిస్తే లోపల ఏమీ లేదు.

కొత్తగా రాసినవి వెంటనే డిస్కు మీదికి ఎక్కవట. అరనిమిషం దాకా మిషను తలలోనే ఉంటాయట. తీసెయ్యమన్నది మాత్రం అంతకన్నా ముందే ఎక్కుతుందట. ఈ సంగతి కొన్నాళ్ల తర్వాత పిల్ల ఎక్కడో చదివి నాకు చెప్పింది. ఆ అరనిమిషంలోనే నేను తొందరపెట్టాను.   ఆ సాయంత్రం మా వాడు పనినుంచి వచ్చి గడపలో నిలబడి ఇద్దరినీ చూశాడు. ఏమైందవ్వా అని నన్నే అడిగాడు. నేను చెప్పాను. కిరసనాయిలుతో మొదలుపెట్టి ఏదీ దాచకుండా చెప్పాను. విని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి గుమస్తా వచ్చాడు. పిల్ల జరిగింది చెప్పింది. ఇంకో నెల ఇస్తే రాత్రింబవళ్లు కూర్చొని మళ్లీ ఎక్కిస్తానంది. అతను కోపం చేయలేదు. గడువు తన చేతుల్లో లేదని, గజ్వేల్‌లో ఈ పని చేసేవాళ్లు ఇంకొకళ్లు ఉన్నారని చెప్పి ఫారాల కట్టలు రెండు సంచుల్లో సర్దుకున్నాడు. ఒక సంచి నేను బస్టాండు దాకా మోశాను. నేను తిరిగి వచ్చేసరికి పిల్ల రెండు మిషన్ల మీదా గుడ్డలు కప్పి, ముందు గదికి తాళం వేసి, తాళంచెవి వాళ్ల నాయిన చేతిలో పెట్టింది.