నల్లంచు కార్డు

పెనుకొండకు కాపురానికి వచ్చిన తొలి డిసెంబరులోనే మా అత్త నా చేతికి ఒక పెన్సిలు రబ్బరు, సగం విరిచిన బ్లేడు ఇచ్చి చుక్క చెక్కమంది. చర్చి ఆడవాళ్ళంతా కలిసి క్రిస్మస్‌కు ఇట్లాంటి రబ్బరు అచ్చులు వేసి కార్డులు చేసి, మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు తీసుకుపోయి ఇస్తారు. రబ్బరు చెక్కడానికి నిదానం కావాలి. నాకు లేనిది అదొక్కటే. చుక్కకు ఒక కొమ్ము తెగిపోయింది.

"పోనీలే పాపా, నాలుగు కొమ్ములున్నా చుక్క చుక్కే" అంది అత్త. ఆ ఇంట్లో నన్ను ఏడిపించని మొదటి మాట అదే.

నేను ధర్మవరం పిల్లను. నాయన మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. తల దువ్వినా, అన్నం తినిపించినా, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగినా అంతా నాయనే. జడ మాత్రం పట్టుపోగుకు పురి ఎక్కించినట్టు బిగించేవాడు. బడిలో సాయంత్రం దాకా కళ్ళు పైకి లాక్కుని కూర్చునేదాన్ని. అట్లాంటి నాయనకు, నేను ఒక క్రైస్తవుల అబ్బాయిని చేసుకుంటానని చెప్పాను. "ఈ గడప దాటినావంటే నాకు బిడ్డ లేదనుకుంటా" అన్నాడు. ఆయన మొండితనమే నాకూ వచ్చింది. దాటాను.

ఆ తర్వాత నా ఫోను ఎత్తలేదు. మేమిద్దరం పోతే తలుపు తీయలేదు. మగ్గం చప్పుడు లోపలినుంచి వినపడుతూనే ఉంది.

ఫోను ఎత్తనివాడు కార్డు చూడడా అనుకున్నాను. నాయన నేసే చీరల అంచులో మామిడి పిందెలు వరసగా ఉంటాయి. ఆ పిందెను ట్రేసింగ్ కాగితం మీద పెన్సిలుతో గీసి, కాగితాన్ని రబ్బరు మీద బోర్లించి గోటితో రుద్దాను. బొమ్మ అటుదిటుగా దిగింది. చుట్టూ బ్లేడుతో తవ్వి, సిరా అద్ది అచ్చు వేస్తే సరిగ్గా పడింది. మళ్ళీ సిరా అద్దకుండా పక్కన ఇంకొక అచ్చు వేస్తే లేతగా వచ్చింది. మొదటి పిందె మీద కాగితం ముక్క కప్పి, దాని అంచు మీదుగా మరొకటి వేస్తే, ఒక పిందె వెనక ఇంకొకటి దాక్కున్నట్టు కనపడింది. ఇవన్నీ కొన్ని అత్త దగ్గర, కొన్ని ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నవి. సిరా ప్యాడ్లు మా ఆయన హిందూపురం నుంచి తెచ్చేవాడు, ఆయన ఉద్యోగం అక్కడే. తన అంచు తన చేతిలో పడితే నాయన కరుగుతాడని నా ఆశ. ప్రతి పండక్కీ కార్డు చేసి, నాలుగు మూలలా పసుపు రాసి పంపేదాన్ని. జవాబు ఎప్పుడూ రాలేదు.

ఈ ఉగాదికి ఒక వీడియోలో కొత్త పని చూశాను. అట్ట అంచులకు స్పాంజితో ముదురు సిరా రుద్దితే పాతకాలపు పత్రంలా కనపడుతుంది. గోధుమ రంగు సిరా దొరకలేదని మా ఆయన నల్లది తెచ్చాడు. కార్డుకు రుద్దాను. ఎంత ముచ్చటగా ఉందో! జోడుగా ఉండాలని కవరు అంచులకూ రుద్దాను. పసుపు రాస్తే ఆ అందం చెడుతుందని రాయలేదు. అత్త ఇంట్లో ఉంటే కవరు లాక్కుని నెత్తిన మొట్టేది. ఆమె కొత్తచెరువులో చుట్టాలింటికి పోయింది. మా ఆయన చూసి "బాగుండాది" అన్నాడు. ఆయనకు ఏది చూపించినా బాగుండాది.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ నాకు తెలిసిన సంగతి ఒకటుంది. పసుపు పెట్టిన కార్డు శుభం, నల్లంచు కార్డు చావు. చావు కబురు తెచ్చిన కాగితాన్ని గడప లోపలికి తీసుకురారు. వాకిట్లోనే చించేస్తారు. తెలిసిన సంగతే. కార్డు అందంగా వచ్చిందన్న సంబరంలో అది నా బుర్రకు తట్టనే లేదు.

కవరు వేసిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. నేను తడిగుడ్డతో అచ్చులు తుడుస్తూ ఉన్నాను. బయటికొచ్చి చూస్తే ముందు చిన్నాయన, వెనక నాయన. నాయన చంకలో మూతి కట్టిన గుడ్డసంచి ఉంది. పంచెకు ఇంకా పోగులు అంటుకుని ఉన్నాయి. చిన్నాయన నన్ను చూసి "అమ్మా!" అని కేక పెట్టి స్తంభానికి ఆనుకున్నాడు. నాయన కేక పెట్టలేదు. గబగబా వచ్చి రెండు చేతులతో నా ముఖం పట్టుకున్నాడు.

"బతికుండావా తల్లీ?"

"ఉండా నాయనా. నాకేమయింది?"

ఆయన బొటనవేళ్ళు నా చెంపల మీద గరుగ్గా తిరిగాయి. నిజంగా ఉన్నానా అని కళ్ళూ, ముక్కూ, చెవులూ తడిమి చూసుకున్నాడు. నేను ఏడుస్తున్నాను. ఆయన కూడా ఏడుస్తున్నాడు. కార్డు పనిచేసిందనే అనుకున్నాను. ఇన్నేళ్ళకు నాయన నా ఇంటికి వచ్చాడు!

చిన్నాయనే సంగతంతా చెప్పాడు. "ఇంతకుముందు నువ్వు పంపినవన్నీ విప్పకుండా చూరులో దోపుతాండె. ఈసారి మీ ఊరి నుంచి నల్లంచు కవరు వచ్చేసరికి మగ్గం గుంటలోనే కూలబడిపోయినాడమ్మా. లేచొచ్చి, లోపలేముందో చూడకుండానే వాకిట్లో నిలబడి చించేసినాడు. ఫోను చేసి కనుక్కుందామన్నా అంటే, చచ్చినదాని ఫోను ఎవురెత్తుతార్రా అన్నాడు."

నాకు అప్పుడర్థమైంది. "పండక్కి పంపినా నాయనా. అంచుకు సిరా పూసినా. అందంగా ఉంటుందని" అన్నాను.

"అందానికా" అన్నాడు నాయన. ఆయన చేతులు నా ముఖం మీదనుంచి దిగిపోయాయి.

లోపలికి రమ్మన్నాను. తలుపు పైనున్న సిలువను చూసి, కళ్ళు తుడుచుకుని, వెనక్కి తిరిగి చెప్పులు వేసుకున్నాడు. నీళ్ళయినా తాగమన్నాను. తల అడ్డంగా ఊపాడు. చిన్నాయనకు నా మీద జాలి కలిగినట్టుంది. "ఎట్లాగూ వచ్చినాం కదన్నా, ఆ చీర బిడ్డ చేతిలో పెట్టు" అన్నాడు.

సంచిలో ఏముందో అప్పటిదాకా నేను అడగలేదు. పెళ్ళయిన కూతురు పోతే పుట్టింటివాళ్ళు చీర తేవాలి. ఆఖరి చీర పుట్టింటిదే. మట్టి చేసేనాటికి అందకపోయినా పటం ముందరైనా పెడదామని నాయన చీర తెచ్చాడు.

"పటం ముందర పెట్టేకి తెచ్చిన చీర బతికున్న బిడ్డకు పెడతారా? బుద్ధుండాదా నీకు?" అని నాయన తమ్ముడి మీద విరుచుకుపడ్డాడు. బిడ్డ అన్నాడు! ఆ ఒక్క మాట పట్టుకుని బస్టాండు దాకా ఆయన వెంట పరిగెత్తాను. ఎవరు చూస్తే నాకేం?

ధర్మవరం బస్సు నిలబడి ఉంది. నాయన ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కిటికీ కమ్మి పట్టుకున్నాను.

"అది వద్దులే నాయనా. ఇంకోటి తెచ్చియ్యి. నూలుదైనా సరే. ఎప్పుడైనా సరే."

నాయన నా వైపు చూడలేదు. సంచి మూతి ముడి సరిచేసుకుంటూ అన్నాడు. "ఇది నీ పెండ్లికని నేసింది. నువ్వు పోయినాక పెట్టెలో పెట్టినా. ఎప్పటికైనా ఇచ్చేదే కదా అనుకున్నా. ఇప్పుడు దీనికి చావు సోకె. ఇంకోటి నేసేకి నాకు చేతులు రావు."

డ్రైవరు హారను కొట్టాడు. ఎవరో నా చేతిని కమ్మి మీదనుంచి తప్పించారు.

అత్త ఊరినుంచి వచ్చి అంతా విని, "చచ్చిందంటే ఉరుక్కుంటా వచ్చిన ఆయప్ప, బతికుండాదని తెలిసి వెనక్కి పోయెనా" అంది. ఆ మాటకు ఆమె మీద అరిచాను. అబద్ధమని కాదు, నిజమని. నాయన ఇప్పటికీ ఫోను ఎత్తడు. పండగలు వస్తున్నాయి, చర్చి ఆడవాళ్ళతో కలిసి ఊళ్ళో వాళ్ళందరికీ అచ్చులు వేసి ఇస్తున్నాను. ధర్మవరానికి పంపడానికి మాత్రం చేయి ఆడటం లేదు.

నాయన ఆ చీరను కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకొచ్చాడు. చిన్నాయనను అడిగితే చెప్తాడేమో, అడగలేదు. అది ఏ రంగు చీరో నేను చూడలేదు.