జోజి నిచ్చెన పట్టుకున్నవాళ్ళు

సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం కాచుకునే షెడ్డుకి నీలంరంగు వేసింది జోజి. ఒక్కడే వేసేడు. రంగు వెయ్యడంకన్నా, ఒక్కడే వేసేడని నమ్మించడం కష్టమైంది.

మస్కట్‌లో ఏళ్ళ తరబడి ఎవరెవరి కిందో రంగులేసి ఇంటికొచ్చేడు జోజి. బ్రష్షులు, బకెట్టు, ఓ వెదురు నిచ్చెన కొనుక్కుని సొంత పని మొదలెట్టేడు. తన పేరున వచ్చిన మొదటి కాంట్రాక్టు ఈ షెడ్డే. ఇచ్చిన కంపెనీ ఒక షరతు పెట్టింది. పనివాళ్ళుంటే, వాళ్ళకి దెబ్బ తగిలితే పరిహారం వచ్చేలా బీమా కట్టాలి. ఎవరూ లేరని రాసిస్తే ఆ బీమా అక్కర్లేదు. జోజి హాయిగా రాసిచ్చేడు. అది అబద్ధమని తేలితే మాత్రం పని పెద్ద కాంట్రాక్టరుకి పోతుంది, జోజి మళ్ళీ ఒకరి కింద కూలీ.

"మరి నువ్వు పడితేనో?" అంది భార్య సుందరి. మర్నాడే పోస్టాఫీసుకి లాక్కెళ్ళి అతని పేర ప్రమాద బీమా కట్టించింది.

అంతా బానే ఉంది గానీ, పంటు కోసం నిలబడ్డవాళ్ళకి ఒక మనిషి పనిచేస్తుంటే ఊరికే చూడ్డం చేతకాదు. తనిఖీకి కంపెనీ ఇంజనీరు కృష్ణమోహన్ గారు వచ్చేసరికి, కొబ్బరికాయల వర్తకం చేసే అమ్మిరాజుగారు నిచ్చెన పట్టుకున్నారు. చేపలమ్మే వీరాయమ్మ కర్రతో రంగు కలుపుతోంది. కాలేజీపిల్ల కావ్య కిటికీ ఊచల్ని ఉప్పుకాగితంతో రుద్దుతోంది.

"పనివాళ్ళు లేరన్నావ్. వీళ్ళెవరయ్యా?"

జోజి నిచ్చెన మీంచే వంగి చూసేడు. "పంటెక్కేవాళ్ళండి."

"ఆ టీ తెస్తున్నావిడో?"

"మా ఆవిడండి."

"పని చేస్తోందా?"

"ఆయ్, నాచేత చేయిస్తోందండి."

"కూలీ ఇస్తే మేవూ కాదనం బాబూ!" అంది వీరాయమ్మ.

"అత్తా, నీకు దణ్ణం పెడతా, ఊరుకో!"

అమ్మిరాజుగారికి పౌరుషం వచ్చింది. "నన్ను జోజిగాడు పనిలో పెట్టుకోవడవేంటండీ! పడతాడేమోనని పట్టుకున్నానంతే."

ఇంజనీరు తల అడ్డంగా ఊపేరు. "ఊరికే పట్టుకున్నా, దెబ్బ తగిలితే మా పీకకే చుట్టుకుంటుందండి. జోజి రాసిచ్చిన ఈ కాగితం చెల్లదు."

అంతలో పంటు హారన్ మోగింది. వీరాయమ్మ కర్ర వదిలేసి చేపల గంప నెత్తికెత్తుకుంది. కావ్య ఉప్పుకాగితం విసిరేసి పరుగు. "ఉండు జోజీ, నర్సాపురం వెళ్ళొచ్చేస్తా!" అంటూ అమ్మిరాజుగారూ నిచ్చెన వదిలేసేరు.

నిచ్చెన జారింది.

"సార్! పట్టుకోండి సార్!"

ఫైలు కింద పడేసి ఇంజనీరు నిచ్చెనని కావలించుకున్నారు. తెల్ల చొక్కా మీద నీలం చుక్కలు టపటపా రాలేయి.

"నా పనివాళ్ళే అయితే, పంటొచ్చిందని నన్నిలా గాల్లో వదిలేసి పోతారాండీ?" అన్నాడు జోజి పైనించి.

కృష్ణమోహన్ గారికి నవ్వాగలేదు.

"నవ్వకండి సార్, ఊగుతోంది!"

జోజి దిగేక ఇంజనీరే దగ్గరుండి నిచ్చెనని స్తంభానికి తాడుతో కట్టించేరు. "ఇహ నీ నిచ్చెన ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అని కాగితం మోకాలి మీద పెట్టుకుని, నీలం వేళ్ళతో సంతకం చేసేరు.

పంటు దిగొచ్చిన ఊరావిడ లోవమ్మ ఆయన చొక్కా కేసి చూసి, "మనిషిని పెట్టేవా జోజీ? మంచి బట్టలేసుకొచ్చేడే!" అంది.

"లేదమ్మా," అన్నారు కృష్ణమోహన్ గారు, "పంటెక్కేవాణ్ణి."

లోవమ్మ సంచీ కింద పెట్టి రంగు కలిపే కర్ర అందుకుంది.

"వద్దు!" ఇద్దరూ ఒక్కసారే అరిచేరు.