రాయపట్నం రేవు దాకా

మొన్న మాఘమాసంలో మా అక్క కొడుకు మంచిర్యాలలో కొత్త ఇల్లు కట్టుకుని పాలు పొంగిస్తున్నానని పిలిస్తే, మనవరాలిని తోడు తీసుకుని కరీంనగర్‌లో బస్సెక్కాను. మెత్తటి సీట్లు, మూసిన అద్దాలు, లోపల చల్లటి గాలి. చొప్పదండి దాటేదాకా మేలుకునే ఉన్నాను, ఆ తరువాత ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. లేచి గోదావరి ఇంకెంత దూరముందే అని అడిగితే, మనవరాలు ఫోనులోంచి తల ఎత్తకుండానే అది ఎప్పుడో పోయింది అమ్మమ్మా అంది. నాకు నవ్వొచ్చింది. నా చిన్నతనంలో ఆ ఏటిని చూడకుండా దాటడం ఎవరి తరమూ కాదు. బస్సు ఇవతలి ఒడ్డునే ఆగిపోయేది. దిగి, మూటా ముల్లె నెత్తిన పెట్టుకుని, ఇసుకలో కాళ్ళీడ్చి, నావ ఎక్కి, అవతల ఇంకో బస్సు కోసం చెట్టు కింద కూర్చునేవాళ్ళం.

మాది చొప్పదండి. సాలెవాళ్ళం. బాపు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేవాడు కాదు. అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. అవ్వా నేనూ రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్ళం. నాకంటే అయిదేళ్ళు పెద్దదైన అక్కను మంచిర్యాలలో బట్టలు కుట్టే దర్జీకి ఇచ్చారు. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. మంచిర్యాలకు రైలుందని చెప్పేవారుగానీ, రైలెక్కాలంటే పెద్దపల్లికి పోవాలి. మాకు మాత్రం ఊరి నడుమ నుంచి పోయే రాయపట్నం బస్సే దిక్కు.

అక్కకు నొప్పులొచ్చింది ఆషాఢంలో. కబురు అందగానే బాపు ఒక్కడే బయలుదేరాడు. గోదావరి ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది, నావలు కట్టేశారు. రేవులో రెండు రోజులు తడిసిన బట్టలతో కూర్చుని, మూడో నాడు దాటి పోయేసరికి పిల్లవాడు ఉన్నాడు, అక్క లేదు. ఆయన తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని ఆ మాట చెబితే అవ్వ కింద పడిపోయింది. నేను అవ్వను లేపి నీళ్ళు తాగించాను, పొయ్యి వెలిగించాను, వచ్చిన వాళ్ళందరికీ పీటలు వేశాను. నాకు ఏడుపు రాలేదు. చూడని చావు నాకు చావులాగా అనిపించలేదేమో. అక్క మంచిర్యాలలోనే ఉంది, బస్సు రాక ఆగిపోయింది అన్నట్టుగానే నాలుగు నెలలు గడిచాయి. వాడకట్టు ఆడవాళ్ళు నా మొఖం చూసి ఈ పిల్లది రాయి అనుకునే ఉంటారు.

కార్తీకంలో ఏరు తీసినాక బాపు, తయారుకా బిడ్డా, పిల్లగాన్ని చూసొద్దాం అన్నాడు. నాకు పదిహేడేళ్ళు. అవ్వ నా బట్టలు మూట కట్టింది. రెండు రోజుల ప్రయాణానికి నాకున్న నాలుగు చీరలూ ఎందుకు కడుతోందో అడగాలని కూడా నాకు తోచలేదు.

అప్పటి బస్సుకు ముక్కు ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. డ్రైవరు వెనక ఆడవాళ్ళకు ఒక అడ్డబల్ల. నేను దాని మీద మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, బాపు నా వెనక బల్ల మీద. గుంతల సడక్ మీద బస్సు ఎగిరినప్పుడల్లా కాళ్ళ కింద కోళ్ళగంప ఒకటి జరుగుతూ ఉండేది. ధర్మారంలో బాపుకు తెలిసిన నూలు వ్యాపారి ఒకాయన ఎక్కి ఆయన పక్కనే కూర్చున్నాడు.

"ఏడికి పయనం?" అని అడిగాడాయన.

"మంచిర్యాలకు," అన్నాడు బాపు. "పెద్దబిడ్డ పాయె గదా. పసిపిల్లగాడున్నడు. చిన్నదాన్ని గాడనే ఇద్దామనుకుంటున్నం."

"మంచిదే. పరాయిది వస్తే సూస్తదా ఏంది."

తరువాత ఇద్దరూ నూలు ధర గురించి మాట్లాడుకున్నారు. నా పెళ్ళి సంగతి నేను విన్నది అట్లా, వెనక బల్ల మీది నుంచి. గుండె దడదడలాడిందనో, కళ్ళు తిరిగాయనో రాస్తే బాగుంటుందిగానీ అవేమీ కాలేదు. డ్రైవరు మెడ మీద చెమట కాలువ కట్టి చొక్కాలోకి దిగుతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను. వెలగటూరు దగ్గర బస్సు ఆపి ఇంజనులో నీళ్ళు పోశారు. ఆవిరి లేచింది. అదీ చూశాను.

రేవులో దిగి ఇసుకలో నడుస్తుంటే బాపు నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. నావలో మాత్రం ఎదురుబొదురుగా కూర్చోక తప్పలేదు. ఏరు సన్నబడి తేటగా ఉంది. నడి ఏట్లోకి వచ్చినాక ఆయన నీళ్ళకేసి చూస్తూ అడిగాడు.

"ఇన్నవా బిడ్డా?"

"ఇన్న బాపు."

"మీ అవ్వ చెప్పి ఉంటదనుకున్న."

అవ్వేమో బాపు చెబుతాడనుకుందని తరువాత తెలిసింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు వేసుకుని చెప్పకుండానే సాగనంపారు. నేను వాళ్ళను తప్పు పట్టను. ఒక బిడ్డ పోయిన ఇంట్లో ఇంకో బిడ్డతో ఆ మాట ఎట్లా ఎత్తాలో వాళ్ళకు మాత్రం ఎవరు నేర్పారు?

మంచిర్యాలలో బావ వాళ్ళది రెండర్రల పెంకుటిల్లు. బావ వాళ్ళమ్మకు కళ్ళు సరిగా కనబడవు. నా మొఖమంతా చేతులతో తడిమి, నుదుటి దగ్గర ఆగి, పిల్లవాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. వాడు చిక్కి ఉన్నాడు. నన్ను చూసి ఏడవలేదు, నవ్వలేదు. వాడి తల వెంట్రుకలు అక్క వెంట్రుకల్లాగా రింగులుగా ఉన్నాయి. అది చూసినప్పుడైనా నా లోపల ఏదో ఒకటి కావాలి కదా అని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. వాడికి ఆవుపాలు తాగించాను, మూతి తుడిచాను.

బావ ఆ సాయంత్రం ఇంటికి వచ్చి బాపుకు దండం పెట్టి, నా వైపు చూడకుండా తిని పడుకున్నాడు. మరునాడు పొద్దున అతను తినకుండా పోయాడని వాళ్ళమ్మ సద్దిగిన్నె నా చేతికిచ్చి దుకాణానికి పంపింది. చిన్న డబ్బా దుకాణం. అతను మిషను తొక్కుతూ ఉన్నాడు. గిన్నె బల్ల మీద పెట్టి వెనక్కి తిరగబోతుంటే మిషను ఆగింది.

"మామ చెప్పిండా నీకు?"

తల ఊపాను.

"నీకిష్టమేనా? లేకుంటే చెప్పు. నేనే వద్దన్ననంట. నీ మీదికి రానియ్య."

ఆ రోజుల్లో ఒక ఆడపిల్లను అట్లా అడిగినవాళ్ళు మా వాడలో ఒక్కరు లేరు. అవునంటే ఒక బతుకు, కాదంటే ఒక బతుకు, రెండూ నా నోట్లోనే ఉన్నాయి. ఎంత వెతుక్కున్నా లోపల అవునూ లేదు, కాదూ లేదు.

"నాకేం తెలుస్తలేదు బావా," అన్నాను.

అతను కత్తెర తీసి ఇటు పెట్టి, మళ్ళీ అటు పెట్టాడు. "నాగ్గూడ తెలుస్తలేదు," అన్నాడు. "పొద్దున లేస్తున్న, మిషను తొక్కుతున్న. గంతే."

ఆ సాయంత్రం అతను బాపుతో, జర ఆగుదాం మామా, ఏడాది గడువనీ అన్నాడు. బాపు మొఖంలో నిరాశ వచ్చిందో, తేలికపడ్డాడో చెప్పలేను. కళ్ళు ఆనని ముసలామె పసివాణ్ణి సాకలేదు గనుక మేమే వెంట తెచ్చుకున్నాం. వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన ఒకామె వాడి చెంప నిమిరి, నీ పోలికే ఉన్నడు అంది. నేను కాదనలేదు. పాలసీస పట్టుకుని ఒడ్డు దాకా వచ్చిన బావ, మా నావ కదిలినాక కూడా అక్కడే నిలబడి ఉండడం ఒకసారి తిరిగి చూశాను.

అప్పటి నుంచి ప్రతి అమాసకు అతను చొప్పదండికి వచ్చేవాడు. అమాసనాడు అతని మిషనుకూ సెలవే, మా మగ్గానికీ సెలవే. పగటి బస్సు మా వీధి మలుపు దగ్గర హారను కొట్టేది. నేను పిల్లవాణ్ణి చంకనేసుకుని సడక్ దాకా పోయేదాన్ని. వచ్చినప్పుడల్లా మిగిలిన గుడ్డముక్కలతో ఒక అంగీ కుట్టుకొచ్చేవాడు. నెల కింద చూసిన కొడుకు ఈపాటికి ఎంత పెరిగి ఉంటాడో ఊహించి కుట్టేవాడేమో, ఎప్పుడూ వదులే అయ్యేది. వచ్చే అమాసకు సరిపోతదిలే అనేది అవ్వ. అతను పిల్లవాణ్ణి ఆడించి, బాపుతో రెండు మాటలు మాట్లాడి, సాయంత్రం బస్సుకు తిరిగిపోయేవాడు. నాతో మాటలు తక్కువ. పిల్లవాడికి పన్నొచ్చింది, జ్వరం తగ్గింది, అడుగులేస్తున్నాడు, అంతే. ఏడాది అన్నది రెండేళ్ళు దాటింది. పెళ్ళి మాట అతనే ఎత్తుతాడని బాపు, బాపు ఎత్తుతాడని అవ్వ ఊరుకున్నారు. నేను దేని కోసం ఊరుకున్నానో నాకే తెలియదు. అమాస ఎన్నాళ్ళుందో మాత్రం వేళ్ళ మీద లెక్క నాకుండేది, దాన్ని నేను లెక్క అనుకోలేదు.

పిల్లవాడికి మూడేళ్ళు నిండబోతుండగా ఒక అమాసకు అతను వచ్చి బాపుతో సంగతి చెప్పాడు. చెన్నూరులో వాళ్ళమ్మ తరఫు చుట్టాలమ్మాయి, మొగుడు పోయినామె, పిల్లలు లేరు. ముసలామెకు చేతకావడం లేదు, ఇంట్లో దీపం పెట్టే మనిషి కావాలి. బాపు అతనితో, నీ ఇష్టం బిడ్డా అన్నాడు. నేను లోపల నుంచి నీళ్ళ చెంబు తెచ్చి ఇచ్చాను. బావ చెంబు అందుకుని, తాగకుండా, మెల్లగా అడిగాడు.

"ఇప్పుడన్న తెలిసిందా?"

బాపు పక్కనే ఉన్నాడు. పిల్లవాడు నా కొంగు పట్టుకుని గుంజుతున్నాడు. నాకు అర్థం కానట్టు నిలబడ్డాను. నిజానికి అప్పుడు అర్థమైంది, నోరు తెరిస్తే మాట కూడా వచ్చేదేమో. తెరవలేదు. అతను నీళ్ళు తాగి చెంబు నా చేతికిచ్చాడు.

బావ పెళ్ళయిన నెలకు బాపూ నేనూ పిల్లవాణ్ణి రేవు దాకా తీసుకుపోయాం. నావ ఇవతలికి వచ్చి ఉంది, బావ ఇసుకలో నిలబడి ఉన్నాడు. పిల్లవాడు తెడ్లను చూసిన సంబరంలో నా చంక దిగి పరుగెత్తాడు. మళ్ళీ తిరిగి చూడలేదు. నావ చిన్నదై అవతలి ఒడ్డుకు చేరేదాకా చూసి, వచ్చిన బస్సులోనే వెనక్కి వచ్చాం. బాపు పల్లికాయలు కొనిచ్చాడు. ఒక్కొక్కటే ఒలుచుకుని అన్నీ తిన్నాను. ఇంటికొచ్చి వాడి చిన్న అంగీలు రెండు మిగిలితే ఉతికి ఆరేశాను.

ఆ తరువాత మూడు నాలుగు నెలలు అయ్యుంటుంది. ఆ రోజు పగలు అవ్వా నేనూ మగ్గాలింట్లో కూర్చుని, మరునాటి పనికి కండెలు చుడుతున్నాం. వీధి మలుపు దగ్గర బస్సు హారను వినబడింది. నేను రాట్నం వదిలి, కొంగు దులుపుకుని, గడప దాకా పోయాను. గడప మీద కాలు పెట్టినాక నేనెందుకు లేచానో నాకే తెలియక ఆగిపోయాను. ఆ రోజు అమాస.

అవ్వ రాట్నం ఆపి నావైపు చూసింది.

"ఇగ రాడు బిడ్డా," అంది.

అక్కడే గడప మీద కూర్చుండిపోయాను. ఏడుపు ఎక్కడి నుంచి వచ్చిందో, పొట్ట పట్టుకుని ఏడ్చాను. మొదట పిల్లవాడి కోసమే అనుకున్నాను. కొంతసేపటికి అక్కా అక్కా అంటున్నానని నాకే వినబడింది. అక్క పోయిన మూడేళ్ళకు నాకు దుఃఖం వచ్చింది. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది, ఓదార్చలేదు, ఏడువనిచ్చింది.

మరుసటి ఏడు నన్ను సిరిసిల్లలో ఇచ్చారు. మంచి మనిషి, చివరిదాకా నన్నొక మాట అనలేదు. పిల్లలు, మగ్గాలు, పండుగలు, అన్నీ జరిగాయి. చెన్నూరామె మా అక్క కొడుకును సొంత కొడుకులాగే పెంచింది, ఆమెకు నేను ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే. వాడు నన్ను చిన్నమ్మా అంటాడు. మూడేళ్ళు నా చంకలో పెరిగిన సంగతి వాడికి ఒకరు చెబితే తెలిసిందే తప్ప గుర్తులేదు. బావ పోయి కూడా ఇరవై ఏళ్ళు దాటింది. ఎదురుపడ్డ పెళ్ళిళ్ళలో, చావుల్లో, బాగున్నవా అంటే బాగున్న అనుకున్నామేగానీ, ఆ చెంబునీళ్ళ నాటి మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

ఇప్పుడు మా ఇళ్ళల్లో పిల్లలను అడగనిదే ఏదీ కాదు. నీకిష్టమేనా అని ముందు అడుగుతారు, వాళ్ళూ తడుముకోకుండా ఇష్టమో కాదో అక్కడికక్కడే చెప్పేస్తారు. వింటుంటే ముచ్చటేస్తుంది, మనసులో ఉన్నది అంత తొందరగా ఎట్లా తెలుస్తుందా అని ఆశ్చర్యం కూడా వేస్తుంది. మా కాలంలో మంచిర్యాలకు ఒక పూటంతా పట్టినట్టే, ఏడుపుకు మూడేళ్ళు పట్టింది.

అవ్వ ఆ రోజు ఇగ రాడు అన్నది పిల్లవాడి గురించో, బావ గురించో నేను అడగలేదు. ఆమె ఇంకో పదేళ్ళు బతికింది. ఇద్దరమే కూర్చుని కండెలు చుట్టుకున్న పగళ్ళు, పుట్టింటికి పోయినప్పుడల్లా, ఎన్నో ఉన్నాయి. అడిగితే చెప్పేది. ఆమె ఏమి చెబుతుందో నాకు తెలుసు గనుకే అడగలేదని ఇప్పుడనిపిస్తోంది.